పాటలు మనవేనా?

ఈనాడు మన కాలేజీలో పాట లేని జేబంటూ లేదు. లెక్చరరుగారు గుమ్మం దాటారో లేదో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూరిపోతాయి. ఇది తప్పని నేననను. వినండి, హాయిగా వినండి! అయితే ఇంతగా వింటున్న మనలో ఎంతమందికి సొంత పాటలున్నాయి? ఈ మాట అడిగితే మిత్రులు నవ్వుతారు. "నెలనెలా డబ్బు కడుతున్నాం గదా, అన్నీ మనవే" అంటారు. కావు మిత్రులారా! అవి అద్దె ఇంట్లో సామానులాంటివి.

1979లో సోనీ వాక్‌మన్ వచ్చింది. సి-90 క్యాసెట్టుకు పక్కకు 45 నిమిషాలు. వెరసి 18 పాటలు పడితే గొప్ప. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ 5 జీబీలో వెయ్యి పాటలు మోసింది. ఆ ఐపాడ్ల కథ 2022లో ముగిసింది. ఇప్పుడు గోరంత 64 జీబీ కార్డులో, మామూలు ఎంపీ3లైతే, పన్నెండు వేల పాటలు పడతాయి. చోటుకు కొరత లేదు. మరి కొరత దేనికి? యాజమాన్యానికి! క్యాసెట్టు కొన్నవాడికి క్యాసెట్టు మిగిలేది. చందా కట్టి వినేవాడికి చందా ఆగిన నాడు మిగిలేది శూన్యం. యాప్‌లో 'డౌన్‌లోడ్' చేసుకున్నామనుకున్నా దాని తాళంచెవి కంపెనీ చేతిలోనే ఉంటుంది.

పోనీ, మన సొంత పాటలనే కంపెనీకి అప్పగిస్తే? సర్వర్లు మార్చడంలో, పన్నెండేళ్లపాటు జనం ఎక్కించిన పాటలు పోయాయని మైస్పేస్ 2019లో ఒప్పుకుంది. పెద్ద ఇల్లు గదా అని నగలు దాచుకుంటే ఇంటివాడే పారేసుకున్నట్టయింది!

సినిమా పాట పోతే ఇంకోచోట దొరుకుతుంది. మా హాస్టలు మిత్రుడొకడు వాళ్ల అమ్మమ్మ పాడిన దంపుళ్ల పాటలు ఫోనులో రికార్డు చేసుకున్నాడు. ఫోను బస్సులో పోయింది. ఇప్పుడు ఆవిడా లేరు. ఎంత చందా కట్టినా ఆ పాటలు ఏ కంపెనీ ఇవ్వగలదు? నా బాధంతా ఇలాంటి పాటల గురించే.

కాబట్టి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది పేరు. 'రికార్డింగ్ 47' అన్నది పేరు కాదు. ఎవరు పాడారు, ఏ వూరు, ఏ తేదీ అన్నవి ఫైలు పేరులోనే రాయాలి. ఎంపీ3లో వివరాలు రాసుకునే 'ట్యాగ్' అనే చోటొకటుంది. అది 'ఆర్టిస్టు, ఆల్బమ్' అని అడుగుతుంది. మన కీర్తనకు అది చాలదు. 'ఎందరో మహానుభావులు' ఎంతమంది పాడలేదు! కంపోజరు గడిలో త్యాగరాజు, ఆర్టిస్టు గడిలో గాయకుడు, కామెంటు గడిలో శ్రీరాగం అని రాసుకుంటే రేపు వెతుక్కోవడానికి వీలుంటుంది.

రెండోది నాణ్యం. 128 కిలోబిట్ల ఎంపీ3ని 320కి మారిస్తే ఫైలు లావెక్కుతుందే గాని, పోయిన నాదం తిరిగి రాదు. నీళ్ల మజ్జిగను పెద్ద గిన్నెలో పోస్తే పెరుగవుతుందా? మళ్లీ దొరకని గొంతును ఏమీ వదలని ఫ్లాక్ రూపంలో దాచి, వినడానికి వేరే ఎంపీ3 చేసుకోవాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు 'డాక్యుమెంటు'గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

మూడోది నకలు. ముఖ్యమైనది మూడుచోట్ల ఉండాలి: ఫోనులో ఒకటి, హార్డు డిస్కులో ఒకటి, వేరే వూళ్లో బంధువుల ఇంట్లో ఒకటి. ఒకే డిస్కులో రెండుసార్లు దాచి రెండు నకళ్లనుకోవడం భ్రమ. ఏడాదికోసారి తెరిచి వినిపిస్తున్నదో లేదో చూడాలి.

నాలుగోది చెవి. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. చెవికి మాత్రం నకలు లేదు గదా!

చివరగా యూనియన్ పెద్దలకొక సూచన. మన వార్షికోత్సవాల పాటలు, నాటకాలు, రిటైరైన మాస్టార్ల ఉపన్యాసాలు పూర్వ విద్యార్థుల ఇళ్లలో క్యాసెట్లలో మగ్గుతుండవచ్చు. వాటిని అరువుగా తెప్పించండి. పాత ప్లేయరు, ఒక వైరు, కంప్యూటరు, ఉచితంగా దొరికే ఆడాసిటీ ఉంటే పని జరుగుతుంది. సి-90కి 90 నిమిషాలూ కూర్చోవలసిందే. అందుకు విద్యార్థులం మేమున్నాం. డెకరేషన్ ఖర్చులో కొంత తగ్గించి రెండు హార్డు డిస్కులు కొంటే చాలు. రంగు కాగితాలు మర్నాటికి చిరిగిపోతాయి. గొంతులు మిగులుతాయి, మనం మిగుల్చుకుంటే!