చేపకూ తోడు కావాలి

ఇల్లు మారడమంటే ఏమిటో ఆడవాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పాలవాడెవరు, నీళ్లెప్పుడొస్తాయి, పనిమనిషి దొరుకుతుందా... ఇవన్నీ కుదురుకునేసరికి నెల పడుతుంది. మరి ఇల్లు మారే చేప సంగతేమిటి?

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. మా తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇద్దరూ ఐటీ ఉద్యోగాలకెళ్లే ఇళ్లు ఎక్కువ. కుక్కను పెంచే తీరిక ఉండదు. పిల్లాడి ముచ్చట తీర్చడానికి ఓ గాజు గిన్నె, అందులో ఓ గోల్డ్ ఫిష్. కొన్నాళ్లకు చేప ఎదుగుతుంది, గిన్నె ఎదగదు. మొన్న మా పక్క ఫ్లాటావిడ అడిగింది, "మావారు 100 లీటర్ల తొట్టి తెచ్చారండీ. తళతళలాడేలా కడిగి నీళ్లు నింపాను. ఈ సాయంత్రమే మార్చేయనా? మా అత్తగారేమో కదిపితే చచ్చిపోతుంది, ఉన్నచోటే ఉండనివ్వమంటున్నారు" అని.

ఇద్దరి మాటల్లోనూ సగమే నిజముందంటాను.

గిన్నెలోనే ఉంచడం న్యాయం కాదు. "గిన్నెను బట్టి చేప" అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు గానీ, అది సర్దుకుపోవడం కాదు, గిడసబారిపోవడం. గోల్డ్ ఫిష్ సరిగ్గా పెరిగితే జానెడు దాటుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. 1956లో ఇంగ్లండులో ఓ తిరనాళ్లలో బహుమతిగా వచ్చిన 'టిష్' అనే చేప 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికింది! ఇటలీలోని మోంజా పట్టణం 2004లోనే గుండ్రటి గిన్నెల్లో చేపల్ని ఉంచకూడదని నిషేధం పెట్టింది. కాబట్టి మార్చాల్సిందే.

కానీ అత్తగారి భయమూ ఉత్తిది కాదు. చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తుంది. అది నీళ్లలో పేరుకుంటే చేపకు విషం. ఫిల్టరు స్పాంజినీ గులకరాళ్లనూ అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో అవి స్థిరపడడానికి నెలా నెలన్నర పడుతుంది. మనం మెరిసేలా కడిగిన తొట్టిలో అవేవీ ఉండవు. శుభ్రం అంటే తళతళలాడడమే అనుకునే మనకు ఇది కాస్త మింగుడుపడని సంగతే!

అయినా ఈ విద్య మనకు కొత్తా? పాలు ఎంత చిక్కనివైనా తోడు వేయకపోతే పెరుగవుతాయా? చేపల తొట్టికీ అంతే. ఆరోగ్యమైన చేపలున్న ఇంటి నుంచి, వాడుతున్న ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి తడి ఆరకుండా తెచ్చి మన కొత్త ఫిల్టరులో పెడితే, అదే తోడు.

ఆ తరువాత నీళ్ల సంగతి. మా వైపు చాలా అపార్ట్‌మెంట్ల సంపుల్లో మున్సిపల్ నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు కలిసిపోతాయి. ఇవాళ్టి నీళ్లు రేపు ఉండవు. క్లోరిన్ చేప మొప్పలనూ, మనం వేసిన తోడునూ కూడా దెబ్బతీస్తుంది. అక్వేరియం షాపుల్లో క్లోరిన్ విరుగుడు మందు దొరుకుతుంది, వేయకుండా చేపను దింపకండి. చేప ఉన్న కవరును ఓ 20 నిమిషాలు కొత్త నీళ్లపై తేలనిచ్చి, కొంచెం కొంచెంగా ఆ నీళ్లు కలిపి, అప్పుడు వలతో చేపను మాత్రం వదలాలి. మొదటి రెండు వారాలూ మేత తగ్గించి, రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చాలి. పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఆకలనుకుని మేత వేసేరు! ఊపిరాడక కూడా కావచ్చు.

తోడు దొరకలేదా? అయినా మార్చండి. గిన్నెలో కన్నా ఎక్కువ నీళ్లలో విషం పలచబడుతుంది. కాకపోతే నెలా నెలన్నర దాకా రోజూ పావు వంతు నీళ్లు మార్చక తప్పదు.

ఇంతకీ ఆ నీళ్లు మార్చేదెవరు? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తొట్టి కొనేది అయ్యగారు, పేరు పెట్టేది పిల్లలు, బకెట్ మోసేది అమ్మ. మార్చాలా వద్దా అని అందరూ తీర్మానిస్తారు గానీ మోసే మనిషిని అడగరు. నన్నడిగితే, మూతికి మీసం రాని పిల్లాడైనా సరే, వారం వారం ఓ మగ్గు నీళ్లు తీయగలిగితేనే చేప వాడిది. పెద్ద తొట్టితో ఓ లాభమూ ఉంది. ఓసారి కుదురుకుంటే ఎక్కువ నీళ్లు అంత త్వరగా చెడవు. రోజూ గిన్నె కడిగే చాకిరీ వారానికోసారికి తగ్గుతుంది.

ఇదంతా ఎవరు పడతారని దగ్గర్లోని చెరువులో వదిలేద్దామనుకుంటారేమో, అది పుణ్యం కాదు. అమెరికాలోని బర్న్స్‌విల్ పట్టణంలో అలా వదిలినవి చెరువులో బాగా పెరిగిపోయి నీళ్లను పాడుచేస్తున్నాయని 2021లో అక్కడి అధికారులు మొత్తుకున్నారు.

ఒకప్పుడు గిన్నె పట్టుకుని పక్కింటికెళ్లి పెరుగు తోడు అడిగేవాళ్లం. ఇప్పుడు ప్యాకెట్ పెరుగొచ్చాక ఆ తలుపులు మూసుకున్నాయి. చేప పేరు చెప్పుకునైనా ఓ స్పాంజి ముక్క కోసం ఆ తలుపు తడితే తప్పేమిటి? చేపతో పాటు మనకూ తోడు దొరుకుతుందేమో. ఏమంటారు?