ఉరుసలింలో ఊరు లేదు

నా దగ్గర చదువుకొన్నవాడొకడు ఇప్పుడు పాస్టరుగా ఉన్నాడు. మొన్న ఫోను చేసి, "మాస్టారూ, యెరూషలేముకు పాత పేరు ఉరుసలిం అట. అందులో ఉన్నది మన 'ఊరే'నటండీ. ఈ ఆదివారం చెబుదామనుకొంటున్నాను, నిజమేనా?" అని అడిగాడు. కాదన్నాను. వాడు చిన్నబుచ్చుకొన్నాడు. ఫోనులో విడమరచి చెప్పలేకపోయినది ఇక్కడ వ్రాస్తున్నాను.

ఉరుసలిం అన్న రూపం నిజమే. క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఆ నగరపాలకుడు అబ్దిహెబా ఈజిప్టు ఫరోకు పంపిన మట్టిపలకల లేఖల్లో అది ఉంది. అవి 1887లో అమర్నాలో బయటపడ్డాయి. అయితే లేఖకుడు 'నగరం' అని తెలిపే సుమేరియన్ గుర్తును ముందు విడిగా వేసి, ఆ పిమ్మట ఉ-రు-స-లిం అని పేరు వ్రాశాడు. ఆ గుర్తును కూడా 'ఉరు' అనే చదువుతారు. మనవాళ్ళకు ఆశ పుట్టేది అక్కడే! కాని పేరులోని 'ఉరు' వేరు. అది 'స్థాపించు' అనే అర్థంగల సెమిటిక్ ధాతువునుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల నిర్ణయం. షాలిం ఒక దేవత. ఉగారిట్ పలకల్లో ఉషోదేవత షహర్‌కు తోడుగా సాయంసంధ్యకు అధిదేవతగా కనిపిస్తాడు. కనుక యెరూషలేమంటే షాలిం ప్రతిష్ఠ. 'శాంతినగరం' అన్నది 'షాలోమ్' అనే పదంతో ధాతుసామ్యం వల్ల తరువాత కుదిరిన అర్థం.

తరువాత కుదిరింది గనుక దాన్ని అబద్ధమని కొట్టివేయాలా? ఈ ప్రశ్న నన్నూ తాకింది. త్రిలింగమునుండి తెలుగు పుట్టిందని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ణి నేను. తెలుగనే దేశ్యపదానికి సంస్కృతవేషం వేసి త్రిలింగమన్నారని భాషావేత్తలు అంటే మొదట కోపం వచ్చింది. ఇప్పుడు రాదు. పేరుకు పుట్టుక ఒకటి, జనం అందులో చదువుకొన్న అర్థం మరొకటి. రెండూ చరిత్రే గాని, ఒకదాని స్థానంలో మరొకటి కూర్చోరాదు.

హెబ్రీ గ్రంథకర్తలకు ఈ విద్య బాగా తెలుసు. బాబెలును ఆ ఊరివాళ్ళు 'బాబ్-ఇలిం', అంటే దేవద్వారం అనుకొన్నారు. ఆదికాండం 11వ అధ్యాయం దానిని 'బాలల్', తారుమారు చేయడం, అన్న క్రియతో ముడిపెట్టింది. అది తెలియక చేసిన పొరపాటు కాదు, ఎత్తిపొడుపు అని నా అభిప్రాయం. బెయేర్షెబా సంగతి ఇంకా రమ్యం. బెయేర్ అంటే బావి. షెబా అంటే ఏడు. ప్రమాణం చేయడానికీ అవే హల్లులు. 21వ అధ్యాయంలో అబ్రాహాము ఏడు గొఱ్ఱెపిల్లలను వేరుచేసి అబీమెలెకుతో ప్రమాణం చేసుకొంటాడు. 26లో ఇస్సాకు పనివాళ్ళు త్రవ్విన బావివల్ల అదే పేరు మళ్ళీ పుడుతుంది. సంకలనకర్త ఏ ఒక్కదాన్నీ తీసివేయలేదు. మన యాస్కుడు ఒకే పదానికి రెండు మూడు నిరుక్తులు ఇవ్వలేదూ!

అయితే ధ్వనిసామ్యం ఎప్పుడూ పనికిరాదా? సాక్ష్యం తోడుంటే పనికివస్తుంది. 1838లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే అమెరికన్ పండితుడు పాలస్తీనాలో పర్యటిస్తూ, అరబ్బు రైతులు తమ పల్లెను 'ఎల్-జిబ్' అనడం విని, ఇదే గిబియోను అన్నాడు. 1956లో మొదలైన ప్రిచర్డ్ త్రవ్వకాల్లో అక్కడే 'గిబియోను' అని చెక్కిన జాడీల పిడులు దొరికాయి. సామ్రాజ్యాలు మారినా, భాష మారినా ఆ పేరును నిలిపినవాళ్ళు పల్లెవాళ్ళు. అటువంటి పేర్లను మన ఊరికి తగిలించుకోవడం నాకు న్యాయమనిపించదు.

"మరి ఆదివారం ఏం చెప్పనండీ?" అన్నాడు వాడు. బేత్లెహేము చెప్పమన్నాను. హెబ్రీలో అది రొట్టెల ఇల్లు. అరబ్బీలో అదే పేరు 'బైత్ లహ్మ్', మాంసపు ఇల్లు. మన అనువాదకులు దాని చివరి మకారానికి ఉకారం తగిలించి, వృక్షము, గృహము వరుసలో కూర్చోబెట్టారు. అందులో మనదంటూ ఉన్నది ఆ ఒక్క కొమ్మే!