పదివేలకే ఫారిన్ అంట! మరి మిగతా పదివేలు ఎవరు కట్టాలి?



పోస్టు పెద్దదే, కొంచెం ఓపిగ్గా చదవండి. మేము విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మావి పాడేరు, అరకు వైపు ఊళ్లు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈమధ్య మా రూముల్లో ఒకటే గోల, "పదివేలకే నేపాల్" అని. ఫోన్ తీస్తే అవే వీడియోలు. "మనసుంటే చాలు, డబ్బు సమస్యే కాదు" అంటారు వాటిల్లో. డబ్బు సమస్య కాదనే మాట డబ్బున్నోడికే నోట్లోంచి వస్తుంది.

ఇంకోపక్క మన పెద్దోళ్లున్నారు. "అమ్మానాన్న కొండ మీద చెమటోడుస్తుంటే మీకు ఫారిన్ కావాల్సొచ్చిందా?" అంటారు. మాకు ఈ రెండు మాటలతోనూ పేచీ ఉంది.

ముందు పెద్దోళ్లకి చెప్తాం. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఎవరు? సంక్షేమ గురుకులంలో చదివిన గిరిజన పిల్ల. అప్పటికి 13 ఏళ్లు. ఆ పిల్ల టిబెట్ వైపు నుంచి శిఖరం ఎక్కింది. మరి మనం ఇవతల ఖాట్మండు బజార్లో నిలబడి టీ తాగితే అది పాపమా? కేంద్ర గిరిజన శాఖ విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదవడానికి ఏటా 20 మంది ఎస్టీ విద్యార్థులకి స్కాలర్‌షిప్ ఇస్తుంది. బోర్డరు దాటడమంటేనే వణికిపోయే పిల్లలు దానికి అప్లై చేస్తారా? ఇన్నాళ్లూ మన కొండల్ని, మన థింసాని చూడ్డానికి జనం వచ్చారు. ఇప్పుడు మనం చూడ్డానికి వెళ్తాం. అందులో తప్పేం లేదు.

ఇక వీడియోల లెక్కకి వద్దాం. మేము కూర్చుని పది రోజులకి, ఒక మనిషికి లెక్క రాశాం. విశాఖ నుంచి హౌరా, హౌరా నుంచి రక్సౌల్, స్లీపర్లో పోనూ రానూ 2,000. రైళ్లలో తిండి 1,000. రక్సౌల్ దాటితే బీర్‌గంజ్, అక్కడ్నుంచి ఖాట్మండుకి బస్సు, పోనూ రానూ ఆటోలతో కలిపి 1,600. ఐదు రాత్రులు డార్మిటరీలో మంచానికి 400 లెక్కన 2,000. ఆరు రోజుల తిండి 2,400. సిమ్ము, సిటీ బస్సులు, గుళ్లూ కోటలూ చూసే టికెట్లు 1,000. మొత్తం 10,000. వీసా అక్కర్లేదు, 1950 ఒప్పందం నుంచీ మనకి నేపాల్‌కి రాకపోకలు స్వేచ్ఛగానే ఉన్నాయి. అక్కడ వెయ్యి రూపాయలంటే మన 625. అంటే వీడియోలోళ్లు అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పారు.

మిగతా సగం ఇది.

ఆ పది రోజులూ ఊళ్లో ఉంటే కూలికి వెళ్తాం. రోజుకి 300 లెక్కన 3,000 పోయినట్టే. సెలవులంటే వాళ్లకి ఖాళీ, మనకి సీజను. బ్యాగు, బూట్లు, కార్డుల్లో తప్పులు దిద్దించుకోడానికి తిరిగే ఛార్జీలు 1,500. నవ్వకండి, మా బడిలో సగం మందికి పుట్టినరోజు జూన్ ఒకటే! ఇంటిపేరు ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా ఉంటుంది. మన వయసోళ్లకి నేపాల్‌కి ఆధార్ పనికిరాదు, ఓటరు కార్డో పాస్‌పోర్టో ఉండాలి. పాస్‌పోర్టు ఫీజు 1,500 ఈ లెక్కలో వెయ్యలేదు, అది ఎలాగూ తీసుకోవాల్సిందే.

తర్వాత ముట్టుకోకూడని డబ్బు 4,500. వాళ్లకి దారిలో జ్వరమొస్తే నాన్న ఫోన్‌పే కొడతాడు. మనకొస్తే మన నాన్న ఎవరింటికి పరిగెత్తాలి?

"డబ్బు మిగలాలంటే స్టేషన్లో పడుకోండి, లిఫ్ట్ అడగండి" అని కూడా చెప్తారు. స్టేషన్లో పడుకుంటే వాళ్లకది అడ్వెంచర్. మనం పడుకుంటే, ఊరి పేరు చెప్పగానే బ్యాగు విప్పమంటారు. గంజాయి పేరు చెప్పి ఏజెన్సీ కుర్రోళ్లందర్నీ ఒకే కళ్లతో చూస్తారు. అందుకే తమ్ముళ్లకి గట్టిగా చెప్తున్నాం. ఎవరైనా "ఖర్చులు మావి, ఈ బ్యాగు ఒక్కటి పట్టుకెళ్లు" అంటే ఆ ట్రిప్పు ఫ్రీ కాదు. దాని రేటు నీ జీవితం.

చివరిది 1,000. ఇది బేరం ఆడకుండా ఉండడానికి. వంజంగి మేఘాలు చూడ్డానికి వచ్చినోళ్లు మన అవ్వ దగ్గర పది రూపాయల కోసం అరగంట బేరమాడి, బాటిళ్లు మన పొలంలో పారేసి పోతారు. వాళ్లు "లో బడ్జెట్" అని చెప్పుకునేదాంట్లో కొంత మన అవ్వ జేబులోంచి పోయిందే. మనం నేపాల్ వెళ్లి అక్కడ బరువులు మోసే అన్న దగ్గర, టీ కాచే అక్క దగ్గర అదే పని చేస్తే మనకీ వాళ్లకీ తేడా ఏంటి?

కలిపితే ఇంకో 10,000. మొత్తం 20,000.

ఈ డబ్బు ఎక్కడ్నుంచి తేవాలన్నదే అసలు మాట. మా హాస్టల్లోనే ఒకడు లోన్ యాప్‌లో అప్పు తీసి ఫ్రెండ్స్‌తో ట్రిప్పుకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వాళ్ల నాన్న ఫోన్‌కి బూతులు మొదలయ్యాయి. ఆయనకి చదువు రాదు, కొడుకు ఏం తప్పు చేశాడో అని ఊరంతా అడుగుతూ తిరిగాడు. వాడు పరీక్ష ఫీజు ఆ అప్పుకి కట్టి, ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాడు. అందుకే మేము ముగ్గురం ఒట్టేసుకున్నాం. యాప్ లోను వద్దు. స్కాలర్‌షిప్ ముట్టొద్దు. అమ్మ డ్వాక్రా డబ్బు అసలే వద్దు. కాఫీ పళ్ల సీజన్లో ఇంటి పని అయ్యాక పక్క తోటల్లో ఏరి, ఇక్కడ ఆదివారాలు ఫంక్షన్లలో వడ్డనకి వెళ్లి కూడబెడతాం. ఇప్పటికి మనిషికి 6,200 అయింది. ఈ వేసవికి అవ్వకపోతే పై వేసవికి వెళ్తాం. హిమాలయాలు ఎక్కడికీ పోవు.

పేదోళ్లు తిరగకూడదని చెప్పేవాళ్ల మాట వినొద్దు. డబ్బు లేకుండా తిరగొచ్చని చెప్పేవాళ్ల మాట అంతకన్నా వినొద్దు. లెక్క రాసుకుని, అమ్మానాన్నకి చూపించి, చెప్పి వెళ్దాం. మా లెక్కలో ఏమైనా మర్చిపోయామంటే, వెళ్లొచ్చిన అన్నలూ అక్కలూ చెప్పండి, దిద్దుకుంటాం.

జై ఆదివాసీ.