కోయిల ఈగ పోతే నష్టం ఎవరికి?

గట్టు మీది తుమ్మి పూల దగ్గర నల్లటి ఒంటిపై నీలి మచ్చలున్న ఈగను మనలో చాలామంది చూసే ఉంటాం. శాస్త్రవేత్తలు దాన్ని థైరియస్ అంటారు. కోయిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టు ఇది నీలిచారల తేనెటీగ గూట్లో గుడ్డు పెడుతుంది. ఆ తల్లి తన పిల్లకు దాచిన పుప్పొడి ముద్దను దీని పిల్ల తిని పెరుగుతుంది.

ఈ దొంగ ఈగతో రైతుకేం పని? పని ఉంది. వంగ పువ్వులో పుప్పొడి సంచి కొసన సన్నటి రంధ్రమే ఉంటుంది. నీలిచారల ఈగ పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరిస్తేనే పుప్పొడి బాగా రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ విద్య రాదు. నీలిచారల ఈగలు దండిగా ఉన్నచోటే కోయిల ఈగ బతుకుతుంది. అవి తగ్గితే ముందు మాయమయ్యేది ఇదే. అందుకే దీని రాక చేనుకు మంచి గుర్తు.

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఈ గుర్తు చెరిగిపోయే పనులే జరుగుతున్నాయి. నీలిచారల ఈగ మట్టిలో, మట్టిగోడల్లో గూడు కడుతుంది. గట్లు చదునైతే గూడు పోతుంది. గడ్డిమందు కొడితే పూలు పోతాయి. మిగిలిన వాటిని పురుగుమందు తీసుకుపోతుంది.

ఈ తప్పు రైతు నెత్తిన రుద్దితే మేము ఒప్పుకోం. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు రైతు అప్పు తెచ్చి మందు మీద మందు కొట్టాడు. పురుగు ఆగలేదు, అప్పు మిగిలింది. ఏ మందు కొట్టాలో చెప్పేది అమ్మేవాడే అయినప్పుడు ఇంకేం జరుగుతుంది? తేనెటీగలకు చేటని ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్, క్లోథియానిడిన్ మందులను యూరోపియన్ యూనియన్ 2018లో ఆరుబయట పంటలకు నిషేధించింది. మన దుకాణాల్లో ఇమిడాక్లోప్రిడ్ అడిగిన వెంటనే దొరుకుతుంది. మన పురుగుమందుల చట్టం 1968 నాటిది. 2020లో రాజ్యసభలో పెట్టిన కొత్త బిల్లు చట్టం కాలేదు.

మేము డిమాండ్ చేస్తున్నాం: మందు సిఫారసు వ్యవసాయ అధికారి రాతపూర్వకంగా ఇవ్వాలి. మందు పనిచేయక పంట పోతే కంపెనీ పరిహారం కట్టాలి. తేనెటీగలను చంపే మందులు ఆపి, వేప కషాయాలు, జిగురు అట్టలు సబ్సిడీపై ఇవ్వాలి.

సర్కారు కదిలేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. ఒక గట్టునైనా దున్నకుండా, గడ్డిమందు కొట్టకుండా వదులుదాం. పూత మీద మందు తప్పనిసరైతే ఈగలు తిరగని సాయంత్రం పొద్దుగూకాక కొడదాం. కోయిల ఈగ కాజేసేది గుప్పెడు పుప్పొడి కూడా కాదు. మన కష్టాన్ని కాజేసేవాళ్లను అడగడానికి సంఘంగా కదులుదాం.