నడపని కారుకు నాలుగు రాళ్లెక్కువొస్తాయా?

మా మేనత్త కొడుకు ఒకాయన డాలస్‌లో ఉంటాడు. ఇరవయ్యేళ్ల క్రితం రెండు సూట్‌కేసులతో వెళ్లాడు. కాలేజీ రోజుల్లో హాస్టలు గదిలో అంటించుకున్న స్పోర్ట్స్ కారు పోస్టరును మాత్రం మర్చిపోలేదు. 2021లో ఎలాగైతేనేం ఓ కార్వెట్ కొన్నాడు. పసుప్పచ్చ రంగు, రెండే సీట్లు. ఆ సాయంత్రం వీడియోకాల్‌లో మా అందరికీ తిప్పి తిప్పి చూపించాడు. మా అత్తయ్య అయితే ఫోనుకే హారతిచ్చినంత పనిచేసింది.

ఈమధ్య మాటల్లో 'బండెలా ఉంది బావా?' అని అడిగాను.

'బ్రహ్మాండంగా ఉందిరా. కవరు కింద ఉంది' అన్నాడు.

ఇన్నేళ్లలో అది తిరిగింది 312 మైళ్లు! అందులో సగం కొన్న మొదటి వారంలో తిరిగినవే. పదహారు నిండి లైసెన్సు తెచ్చుకున్న కూతురు 'ఒక్కసారి నడుపుతా నాన్నా' అంటే కుదరదన్నాడట. పోనీ పక్కన కూర్చోబెట్టుకుని ఓ రౌండు తిప్పమన్నా వద్దన్నాడట. కారణం ఆయన మాటల్లోనే... 'ఎంత తక్కువ తిరిగితే అంత రేటురా. దాని కాలేజీ ఫీజుకి ఇదే నా ఫిక్స్‌డ్ డిపాజిట్టు.'

నిజమేనా? బీరువాలో బంగారంలా గ్యారేజీలో కారును దాచుకోవచ్చా? అడిగింది సొంత బావ కాబట్టి కాస్త గట్టిగానే వెతికాను.

ముందు ఆయన వైపు సాక్ష్యం చెప్పుకుందాం. 1990ల్లో బ్రిటన్‌కు చెందిన మెక్‌లారెన్ కంపెనీ 'ఎఫ్1' అనే కారు తయారుచేసింది. రేసుబళ్లతో సహా మొత్తం చేసినవి 106. వాటిలో 1995 నాటి బండి ఒకటి 2021 ఆగస్టులో అమెరికాలోని పెబుల్ బీచ్ వేలానికి వచ్చింది. పాతికేళ్లలో అది తిరిగింది 242 మైళ్లు, అంటే 390 కిలోమీటర్లు. మన లెక్కలో హైదరాబాద్‌లో బయల్దేరితే రాజమండ్రి కూడా చేరని దూరం! దాన్ని 2 కోట్ల 4 లక్షల 65 వేల డాలర్లకు పాడుకున్నారు. అప్పటి రేటులో సుమారు 150 కోట్ల రూపాయలు.

చూశావా అంటాడు బావ. ఆగండి, మిస్టర్ బీన్ సంగతి కూడా వినాలి.

టీవీలో ఆకుపచ్చ మినీ కారుకు తాళం కప్ప వేసుకుని తిరిగే మిస్టర్ బీన్, అదే రోవాన్ అట్కిన్సన్, నిజజీవితంలో ఇదే మెక్‌లారెన్ ఎఫ్1 యజమాని. 1997లో 6 లక్షల 40 వేల పౌండ్లకు కొన్నాడు. కొని దాచలేదు. కూరగాయలకు వెళ్లాడో లేదో తెలీదుగానీ 41 వేల మైళ్లు తిప్పాడు. రెండుసార్లు యాక్సిడెంట్ కూడా చేశాడు. 2011లో చెట్టును గుద్దినప్పుడైతే మరమ్మతుకు ఏడాదికి పైనే పట్టింది. బీమా కంపెనీ కట్టిన బిల్లు 9 లక్షల పౌండ్లు దాటింది, అంటే కొన్న ధరకన్నా ఎక్కువ! అంత జరిగాక 2015లో దాన్ని అమ్మితే వచ్చినవి దాదాపు 80 లక్షల పౌండ్లు. పద్దెనిమిదేళ్లు సరదా తీరా నడిపి, రెండుసార్లు గుద్ది, పన్నెండు రెట్లకు అమ్ముకున్నాడన్నమాట.

ఇంకో ఎఫ్1 ఉంది. 21,500 కిలోమీటర్లు తిరిగింది. రేసు ఇంజిన్‌తో కంపెనీయే మార్చి ఇచ్చిన బండి. 2019 వేలంలో దానికి 1 కోటి 98 లక్షల డాలర్లు పలికాయి. నడపని బండికి పలికిన దానికి అది ఎంతో దూరంలో లేదు. అంటే ధరకు మూలం ఆ మోడల్ అరుదుదనం. మీటరు అంకె దాని మీద ఇచ్చే బోనస్ మాత్రమే.

ప్రతి ఏడింటిలో ఒకటి 'అరుదైనది'!

బావకు నేను చెప్పాల్సిన అసలు కథ మాత్రం ఆయన కంపెనీ బండిదే. 1978లో కార్వెట్ పుట్టి పాతికేళ్లయింది. ఆ ఏడాది ఇండియానాపొలిస్ 500 మైళ్ల రేసులో ముందు నడిచే 'పేస్ కారు'గా మొదటిసారి కార్వెట్‌ను ఎంచుకున్నారు. ఆ గుర్తుగా కంపెనీ నలుపు, వెండి రంగులతో ప్రత్యేక మోడల్ తెచ్చింది. మొదట కొన్ని వందలే చేద్దామనుకున్నారు. డీలర్లు ఊరుకుంటారా? ప్రతి షోరూముకూ కనీసం ఒకటి ఇవ్వాల్సి వచ్చింది. చివరికి తేలిన లెక్క 6,502. ఆ ఏడాది తయారైన కార్వెట్లన్నీ కలిపితే 46,776. అంటే ప్రతి ఏడింటిలో ఒకటి 'అరుదైనదే'!

అప్పుడే వాల్‌స్ట్రీట్ జర్నల్ మొదటి పేజీలో ఈ కారు కోసం ఎగబడుతున్నవాళ్ల గురించి వార్త వచ్చింది. ఇక చూడండి. కంపెనీ ధర 13,653 డాలర్లయితే రెట్టింపు ఇచ్చి కొన్నవాళ్లున్నారు. కొన్నవాళ్లలో చాలామంది ఇంటికి తీసుకెళ్లి సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తీయకుండా గ్యారేజీలో పెట్టి తాళం వేశారు. తలుపుల మీద అంటించుకోమని ఇచ్చిన రేసు స్టిక్కర్లను కూడా పెట్టెలోనే ఉంచారు. పిల్లల చదువులకు, పెళ్లిళ్లకు, రిటైర్మెంటుకు అన్నమాట.

ఇప్పటికి నలభై ఏడేళ్లు దాటింది. అప్పటి 13,653 డాలర్లంటే ధరల పెరుగుదల లెక్కేస్తే ఈనాడు 60 వేల డాలర్ల పైమాటే. మరి ఆ కార్లకు పలుకుతున్నదెంత? బాగా తక్కువ తిరిగిన బళ్లు కూడా తరచూ 20 వేల నుంచి 40 వేల డాలర్ల మధ్యే చేతులు మారుతున్నాయి. రెట్టింపు పెట్టి కొన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా. తిరగని బండి దొరకడం కష్టమైతే కదా దానికి విలువ! అక్కడేమో అందరూ తిప్పకుండానే దాచారు. తిరగని బళ్లే ఎక్కువైపోయాయి.

కాడిలాక్ వాళ్లది ఇంకా విచిత్రం. 1976లో 'అమెరికాలో ఇదే చివరి ఓపెన్ టాప్ కారు' అని ఎల్డొరాడోకు పేరొచ్చింది. 14 వేలు అమ్మారు. చివరిదని నమ్మి కొని దాచుకున్నారు జనం. 1984కల్లా కంపెనీ మళ్లీ ఓపెన్ టాప్ ఎల్డొరాడో తెచ్చేసింది. పాపం దాచుకున్నవాళ్లు కోర్టుకెక్కారు.

ఎవరూ దాచని బండి మాటేమిటి? అమెరికాలోనే నెబ్రాస్కా రాష్ట్రంలో పియర్స్ అనే చిన్న ఊళ్లో ఒక షెవర్లే డీలరు ఉండేవాడు. అమ్ముడుపోని బళ్లను తగ్గించి అమ్మే అలవాటు లేదు ఆయనకు. మూలన పెట్టేసేవాడు. అలా పోగైన దాదాపు 500 బళ్లను 2013లో ఆ ఊరి పొలంలోనే వేలం వేశారు. వేలమంది వచ్చారు. అందరికన్నా ఎక్కువ పలికింది స్పోర్ట్స్ కారు కాదు, 1958 నాటి పికప్ ట్రక్కు! తిరిగింది 1.3 మైళ్లు. దుమ్ము కొట్టుకుపోయి, సొట్టలతో ఉన్నా లక్షా నలభై వేల డాలర్లు వచ్చాయి. గడ్డీ గాదం మోసే బండిని ముట్టుకోకుండా దాచాలని 1958లో ఎవరికి తోచింది గనక? అందుకే అది ఒక్కటే మిగిలింది. అదే పొలంలో ఆరుబయట ఎండకూ వానకూ వదిలేసిన బళ్లలోంచి చెట్లు మొలిచాయి. అవీ కొత్తవే, అవీ తిరగనివే.

మడత మార్చని పట్టుచీర

మా అమ్మమ్మ ఏడాదికోసారి బీరువాలోంచి పట్టుచీరలు తీసి నీడన ఆరేసి, మడతలు మార్చి మళ్లీ పెట్టేది. కట్టని చీర కొత్తగా ఉంటుందని వదిలేస్తే మడత దగ్గర చీలుతుంది. కదలని కారుకూ ఇదే తంటా. నెలల తరబడి ఒకేచోట నిలబడితే టైరు నేలకానిన చోట చదునవుతుంది. గాలి తగ్గితే ఇంకా తొందరగా. రబ్బరు సీళ్లు ఎండి నూనె కారుతుంది. బ్యాటరీ చస్తుంది. బ్రేకాయిల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది కాబట్టి బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలంటారు. పెట్రోలు కూడా పాతబడుతుంది. అందులో ఇథనాల్ కలిపితే నీటిని మరింత లాగుతుంది. మన దగ్గర ఇప్పుడు 20 శాతం ఇథనాలే కదా. ఎలుకలు సరేసరి, వాటికి వైర్లంటే ప్రాణం.

స్పోర్ట్స్ కార్లకు ఈ ఖర్చు ఒకటికి పది. ఎఫ్1 పెట్రోలు ట్యాంకులోని రబ్బరు సంచిని అయిదేళ్లకోసారి మార్చాలి, అందుకు ఇంజిన్ కిందికి దించాలి. కొన్ని పాత ఫెరారీల్లో టైమింగ్ బెల్టు మార్చడానికీ అదే తతంగం. బండి ఒక్క మైలు తిరగకపోయినా గడువు గడువే.

వీటిలో ప్రాణాల మీదికి వచ్చేది టైరు. పైకి నిగనిగలాడుతుంది, గీతలన్నీ ఉంటాయి, లోపల రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. 2013 నవంబరులో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ కాలిఫోర్నియాలో పోర్షె కరెరా జీటీ ప్రమాదంలో మరణించాడు. ప్రమాదానికి కారణం అతివేగమని దర్యాప్తులో తేల్చారు. దాంతోపాటు ఆ కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లనీ, దానివల్ల పట్టు తగ్గి ఉండొచ్చనీ రాశారు.

అన్నట్టు మీ కారు టైరు వయసు తెలుసుకోవడం చాలా తేలిక. టైరు పక్కన డీఓటీ అని ఉన్న వరస చివర్లో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఈ పేపరు పక్కన పెట్టి ఒకసారి చూసి రండి.

ఇక మన సెల్లార్ల సంగతి. మా అపార్ట్‌మెంట్‌లోనూ కవరు కింద ఓ కారుంది. విదేశంలో ఉన్న కొడుకు అమ్మానాన్నలకు కొనిచ్చాడు. పండక్కో, గుడికో తప్ప తీయరు. వాచ్‌మన్ వారానికోసారి అయిదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేస్తాడు. దానివల్ల మేలు సంగతి అటుంచి కీడే ఎక్కువ. ఆ కాసేపట్లో ఇంజినాయిల్ సరిగ్గా వేడెక్కదు, లోపల పుట్టిన తేమ ఆవిరై పోదు, స్టార్ట్ చేయడానికి వాడిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరదు. దానికన్నా పదిహేను రోజులకోసారి ఓ అరగంట రోడ్డు మీద తిప్పడం నయం.

పైగా అలా దాచినందుకు మన దగ్గర రేటేమైనా కలిసొస్తుందా? బీమా వాళ్లు కారు విలువ కట్టే పట్టిక చూడండి. ఆర్నెల్ల లోపు 5 శాతం తరుగు, ఏడాదికి 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, అయిదేళ్లకు 50. ఇందులో కిలోమీటర్ల ప్రసక్తే లేదు! సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మీటరు చూస్తారు, కాదనను. కానీ 'ఏ సంవత్సరం మోడల్, ఫస్ట్ ఓనరేనా?' అన్నాకే అటు వెళతారు. అయిదేళ్ల బండి మరీ తక్కువ తిరిగిందంటే మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానం కూడా.

ఇదంతా బావకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన కొన్న ఏడాది కొత్త కార్వెట్ దొరకడమే గగనం. వాడినవి కూడా షోరూము ధరకన్నా ఎక్కువకు పోయేవి. బావా పైన ఎక్కువిచ్చే కొన్నాడు. కానీ ఆ ఒక్క మోడల్ సంవత్సరంలోనే పాతిక వేలకు పైగా తయారయ్యాయి. కంపెనీ ఆ తర్వాత కూడా ఆపకుండా చేస్తూనే ఉంది. తక్కువ తిరిగినందుకు ఆయన బండికి నాలుగు డాలర్లు ఎక్కువొస్తే రావచ్చు. కాలేజీ ఫీజు మాత్రం రాదు.

అవతల కాసేపు మాట లేదు. 'బీమా, బ్యాటరీ ఛార్జరు, ఆ కవరు... వీటికే ఎంతయిందో లెక్కేయలేదురా' అన్నాడు. ఆ వెంటనే గ్యారేజీ తలుపు తెరుచుకున్న చప్పుడు. ఫోను లైటుతో టైరు చూస్తున్నట్టున్నాడు. 'ఆ, ఉన్నాయిరా నాలుగంకెలు. 2021వే... ఒరేయ్, అడుగున కాస్త నొక్కుకుపోయినట్టుంది.' వెనక నుంచి మా మేనకోడలి గొంతు వినిపించింది. 'కారు అమ్మేస్తున్నావా నాన్నా?'

మొన్న ఆదివారం వాట్సాప్‌లో ఓ ఫొటో వచ్చింది. మీటరు రీడింగు 371 మైళ్లు. స్టీరింగు మీద చేతులు బావవి కావు, గోళ్లకు నీలంరంగు ఉంది. కింద ఒక్క లైను రాశాడు.

'రేటెంత పడిపోయిందో లెక్కేసి చెప్పరా.'