వినే తీరిక కూడా హక్కే

ఒక రేడియో కార్యక్రమం ఆగిపోయిందని గగ్గోలు పెట్టే అభిమానులను చూసి నవ్వడం తేలిక. పనిలేని వాళ్ళని, కడుపు నిండిన వాళ్ళ బాధలని తోసిపారేయడం ఇంకా తేలిక. మన స్త్రీల సంఘాలలో కూడా ఈ నవ్వు వినిపిస్తూనే ఉంటుంది. కూలిరేట్లు, గృహహింస, భూమి హక్కులు - ఇన్ని సమస్యల మీద పనిచేస్తున్న మనకు ఎవరిదో హాబీ గొడవ ఎందుకనిపించడం సహజమే. కాని ఆ నవ్వు వెనక ఒక వాదన ఉంది. అది చివరికి స్త్రీలకే ఎదురు తిరుగుతుంది. అందుకే దాని గురించి మాట్లాడుకోవడం అవసరం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెదర్లాండ్స్ విదేశీ ప్రసార సంస్థ అయిన రేడియో నెదర్లాండ్స్ 1981 నుంచి 'మీడియా నెట్‌వర్క్' అనే ఇంగ్లీషు కార్యక్రమాన్ని వారం వారం ప్రసారం చేసింది. జోనథన్ మార్క్స్ దాని నిర్వాహకుడు. రేడియో వినడమే హాబీగా పెట్టుకున్న వాళ్ళకోసం పుట్టిన కార్యక్రమం అది. షార్ట్‌వేవ్‌లో దూరదేశాల స్టేషన్లను వెతికి పట్టుకుని వినడాన్ని డీఎక్సింగ్ అంటారు. ఏ స్టేషన్ ఏ బాండ్‌లోకి మారింది, ఏ రిసీవర్ కొనుక్కోవచ్చు, ఏ ప్రభుత్వం రేడియోను ప్రచారానికి ఎలా వాడుకుంటోంది, రహస్య స్టేషన్లు ఎవరి కోసం మాట్లాడుతున్నాయి - ఇవన్నీ ఆ కార్యక్రమంలో చర్చకు వచ్చేవి. దాని శ్రోతలు ఊరికే విని ఊరుకునే రకం కాదు. విన్న తేదీ, సమయం, సంకేతం బలం, గరగర ఎంత ఉందన్నది నోటు పుస్తకంలో రాసుకుని ఆయా స్టేషన్లకు ఉత్తరాలు రాసేవాళ్ళు. మీరు విన్నది మా స్టేషనే అని ధ్రువీకరిస్తూ వచ్చే క్యూ.ఎస్.ఎల్. కార్డులను దాచుకునేవాళ్ళు. మన దేశంలోనూ ఇలాంటి శ్రోతల క్లబ్బులున్నాయి.

2000లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. వాళ్ళు పోగొట్టుకున్నది సమాచారాన్ని మాత్రమే కాదు. స్టేషన్ల వివరాలు పుస్తకాలలో దొరుకుతాయి, ఆ తరువాత ఇంటర్నెట్‌లోనూ దొరికాయి. వాళ్ళు పోగొట్టుకున్నది వారంలో ఒక గడియ. ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఒకే గొంతు చుట్టూ చేరే గడియ. పాత సంచికలను మార్క్స్ తరువాత ఇంటర్నెట్‌లో భద్రపరిచారు. అవసరం తీరిపోయిన సమాచారాన్ని ఎవరైనా అలా దాచిపెడతారా? దాచింది సమాచారాన్ని కాదు, సంబంధాన్ని.

ఇక రెండో అంకం. 2011లో డచ్ ప్రభుత్వం రేడియో నెదర్లాండ్స్ బడ్జెట్‌ను సుమారు 4 కోట్ల 60 లక్షల యూరోల నుంచి 1 కోటి 40 లక్షలకు తగ్గించాలని నిర్ణయించింది. అంటే 70 శాతం కోత. 2012 జూన్ చివరికల్లా ఇంగ్లీషు రేడియో ప్రసారాలు పూర్తిగా ఆగిపోయాయి. మిగిలిన డబ్బును భావప్రకటనా స్వేచ్ఛ, మానవ హక్కులు, లైంగిక హక్కుల వంటి అంశాలకు మళ్ళించారు. లైంగిక ఆరోగ్యం గురించి యువతతో దాపరికం లేకుండా మాట్లాడటానికి 2011లో మన దేశంలో మొదలైన 'లవ్ మ్యాటర్స్' కూడా ఆ సంస్థ పనే.

ఇక్కడే మనకొక ఉచ్చు ఉంది. "చూశారా, హాబీ పోయింది, హక్కులు వచ్చాయి. మనకిదే కావాలి కదా?" అనిపిస్తుంది. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. కోత పెట్టింది ప్రభుత్వం. ఆ కోతను కప్పిపుచ్చడానికి మన హక్కులు పనికివచ్చాయి. వినోదాన్నీ హక్కులనూ ఒకే చిన్న గిన్నెలో పోసి, ఏదో ఒకటి తీసుకోమంటే తీసుకోవడానికి మనం ఎందుకు సిద్ధపడాలి? గిన్నె ఎవరు చిన్నది చేశారని అడగాలి కదా? పైగా 'లవ్ మ్యాటర్స్' వంటి ప్రయత్నాలు పదిమందిని చేరింది ఉపదేశంతో కాదు. శరీరం గురించి, సుఖం గురించి సిగ్గుపడకుండా మాట్లాడటం వల్ల చేరాయి. ఆనందానికీ హక్కులకూ మధ్య గోడ లేదని ఆ పనే చెబుతోంది.

అయితే అభిమానుల పక్షాన మాట్లాడినంత మాత్రాన, ఎవరు అభిమానులు కాగలిగారన్న ప్రశ్నను వదిలిపెట్టకూడదు. ఈ హాబీ ప్రపంచం ప్రధానంగా మగవాళ్ళది. దీనికి కారణం స్త్రీలకు యంత్రాలంటే భయమనో, ఆసక్తి లేదనో చెప్పేవారున్నారు. కారణం అది కాదు. షార్ట్‌వేవ్ వినడానికి సొంత రేడియో కావాలి, ఎవరూ కదిలించని ఒక మూల కావాలి, వరుసగా గంటసేపు చెవి ఒగ్గగల తీరిక కావాలి. దక్షిణాసియాకు ఈ ఇంగ్లీషు ప్రసారాలు మన సాయంత్రం, రాత్రి వేళల్లో వచ్చేవి. ఆ వేళకు ఇంట్లో ఆడమనిషి ఎక్కడుంటుంది? పొయ్యి దగ్గర. 1980ల మధ్య వరకు రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజుల్లో ఆ లైసెన్సు మన ఇళ్ళలో ఎక్కువగా ఎవరి పేరున ఉండేదో, రేడియో ముల్లు ఎవరి చేతిలో ఉండేదో గుర్తుచేసుకోండి. ఆమె విన్నది పక్క గదిలో ఇంకొకరు పెట్టింది. చేత్తో పని చేస్తూ, చెవితో విన్నది.

అలాగని స్త్రీలు రేడియోను ప్రేమించలేదా? వివిధభారతిలో జనరంజని వంటి కార్యక్రమాలకు కోరిన పాట కోసం కార్డు రాసి, తమ పేరు చదువుతారేమోనని కాచుక్కూర్చున్న ఆడపిల్లలు ఎంతమంది! ఆదివారం నాటకం కోసం వంట ముందే ముగించుకున్న ఇల్లాళ్ళు ఎంతమంది! కాని దాన్ని ఎవరూ హాబీ అనలేదు. మగవాడు నోటు పుస్తకంలో రాసుకుని వింటే అభిరుచి, ఆడది కూరగాయలు తరుగుతూ వింటే కాలక్షేపం. వినడం ఒకటే అయినా పేరు మాత్రం రెండు. ఆకాశవాణి మనకు కేటాయించిన స్త్రీల కార్యక్రమాలలో కూడా వంటలు, శిశుపోషణ, ఇంటి అలంకరణ ఎక్కువ చోటు తీసుకున్నాయి. అంటే తీరిక వేళలో కూడా మళ్ళీ ఇంటిపని పాఠమే.

ఈ తీరిక లెక్క ప్రభుత్వ గణాంకాలలోనే ఉంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటిపనులు చేసిన స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఆ పనులు చేసిన మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేకి ఆ అంకెలు 289, 88 అయ్యాయి. ఐదేళ్ళలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళ పని తొమ్మిది నిమిషాలు తగ్గింది! అంటే ఆ పది నిమిషాలు మగవాళ్ళు పంచుకుంటే మిగిలినవి కావు. తేడా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇంటిపని చేసే మగవాళ్ళ సంఖ్య ఎంత తక్కువో మనందరికీ తెలిసిందే.

తీరిక గురించి మాట్లాడటం విలాసమనే వారు హక్కుల పత్రాలను మరొకసారి చదవాలి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను హక్కుగా గుర్తించింది. ఆ ప్రకటనలో 'పురుషులందరూ' అన్న మాటను 'మానవులందరూ' అని మార్పించింది మన హంసా మెహతా. 1979 నాటి సీడా ఒప్పందం 13వ అధికరణం వినోద కార్యకలాపాలలో, క్రీడలలో, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకు సమాన భాగం ఉండాలంది. భారత ప్రభుత్వం 1993లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. మనం సీడా పేరు చెప్పి ఎన్నో శిక్షణా శిబిరాలు పెట్టాం. వాటిలో ఈ అధికరణం మీద పూర్తిగా ఒక పూట మాట్లాడుకున్నవి ఎన్ని?

ఒక కార్యక్రమాన్ని కాపాడుకోవాలంటే దాని ఉపయోగాన్ని రుజువు చేయాల్సి రావడం ఇంకొక విషాదం. 2011లో బి.బి.సి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపేస్తామన్నప్పుడు పెద్ద నిరసన వచ్చింది. రచయితలు, పాత్రికేయులు బహిరంగ లేఖ రాశారు. పల్లెల్లోని పేద శ్రోతలు నష్టపోతారన్నది వారి ప్రధాన వాదన. న్యాయమైన వాదనే. దాని ఫలితంగా సాయంత్రం ప్రసారం కొంతకాలం నిలిచింది. చివరికి 2020 జనవరి 31న అదీ ఆగింది. కాని "మాకు వినడం ఇష్టం, అందుకే కావాలి" అని పేదవాళ్ళు అంటే చెల్లుబాటు కాదా? ఉపయోగం చూపిస్తేనే పేదలకు ఏదైనా ఇస్తామనడం దయ అవుతుంది గాని హక్కు అవదు.

ఉపయోగం కావాలన్నా ఈ హాబీలో ఉంది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ అనే హామ్ రేడియో ఆపరేటర్ అండమాన్‌లో ఉన్నారు. వెళ్ళింది హాబీ పనిమీదే. డిసెంబరు 26న సునామీ వచ్చి ఫోన్లు తెగిపోతే, ద్వీపాలలో చిక్కుకున్న వాళ్ళ సమాచారం బయటికి చేర్చడంలో ఆమె రేడియో పనికొచ్చింది. సంతోషమే. కాని ఒక స్త్రీ తన ఇష్టం కోసం యంత్రం ముందు కూర్చోవడాన్ని ఒప్పుకోవడానికి సునామీ రావాలా?

ఇక మన ఇంటి సంగతి. 1995లో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అంది. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి రావడానికి 2006 దాకా పట్టింది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు స్టూడియో కట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసి, 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' ప్రారంభించారు. తీర్పు ఇచ్చిన న్యాయమూర్తులలో ఒకరైన పి.బి. సావంత్ దాన్ని ప్రారంభించారు. విత్తనాల గురించి మాట్లాడిన ఆ రేడియోలోనే తమ యాసలో పాటలు, ముచ్చట్లు కూడా పెట్టుకున్నారు, అదీ పొలం పని ముగిసిన సాయంత్రం వేళ. పాట వేరు, చైతన్యం వేరు అని వాళ్ళు విడదీయలేదు.

విడదీస్తున్నది మనం రాసే ప్రాజెక్టు ప్రతిపాదనలు. ఎంతమందికి సందేశం చేరింది, ఎంతమంది ప్రవర్తన మారింది అని లెక్కలు అడిగే గడులున్నాయి. ఎంతమంది నవ్వారు, ఎవరు రేపటికోసం ఎదురుచూశారు అన్న గడి లేదు. నిధులు అయిపోగానే కార్యక్రమం ఒకరోజు మాయమవుతుంది. పై ఏటికి నివేదిక దాతలకు వెళుతుంది, వినే ఆడవాళ్ళకు మాత్రం కబురైనా వెళ్ళదు. లబ్ధిదారులకు వీడ్కోలు చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. అదే వాళ్ళను అభిమానులు అనుకుని ఉంటే చెప్పకుండా ఆపడానికి భయపడేవాళ్ళం.

"కూలి పోరాటం వదిలి పాటల కోసం పోరాడమంటారా?" అని కొందరు అడుగుతారు. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడిన కార్మికులు ఎనిమిది గంటల పని మాత్రమే అడగలేదు. మిగతా గంటలు తమవి అన్నారు. ఇంటి చాకిరీ చేసే స్త్రీకి ఆ మిగతా గంటలు ఎక్కడున్నాయన్నది కూడా కూలి ప్రశ్నే.

కాబట్టి చేయాల్సినవి కొన్ని. స్త్రీలతో సర్వే చేసేటప్పుడు ఏ పని ఎంతసేపు చేస్తారని అడిగిన చోటనే, మీదంటూ చెప్పుకోగల గంట ఏదని, ఆ గంటలో ఏం వినాలని ఉందని అడగాలి. మనం నడిపే రేడియోలలో సందేశం లేని ఒక గంట ఉండాలి. దానికి బడ్జెట్‌లో చోటుండాలి. ఏ కార్యక్రమమైనా ఆపదలిస్తే వినేవాళ్ళకు ముందుగా చెప్పాలి, వాళ్ళ మాట వినాలి, రికార్డింగులు వాళ్ళ చేతికివ్వాలి. అన్నిటికన్నా ముందు, ఆగిపోయిన కార్యక్రమం కోసం ఎవరైనా కోపగించుకున్నప్పుడు నవ్వడం మానాలి. నాది అనుకున్న వాళ్ళకే కోపం వస్తుంది. మన కార్యక్రమాలు ఆగినప్పుడు ఆడవాళ్ళెవరూ కోపగించుకోకపోతే, వాటిని వాళ్ళు తమవి అనుకోలేదని అర్థం. మనం ఆలోచించాల్సింది ఆ మౌనం గురించి.