పుస్తకమునకు ఎక్కని విద్య

లినక్స్ కంప్యూటరులో ప్రోగ్రామును చేర్చుటకు దానిని మూటగా కట్టి పంపుట ఆచారము. ఆ మూటను ప్యాకేజీ యందురు. అమెరికాలోని రెడ్ హ్యాట్ వారు 1990వ దశకమున రూపొందించిన ఆర్‌పీఎం ఇట్టి పద్ధతులలో ప్రసిద్ధమైనది. 1997లో ఎడ్వర్డ్ బెయిలీ దీనిపై ‘మ్యాగ్జిమమ్ ఆర్‌పీఎం’ అను గ్రంథమును వెలువరించిరి. పిమ్మట పద్ధతి పెరుగుచునే పోయినది. గ్రంథము చాలవరకు ఆగినచోటనే ఆగినది. మాన్యువలు నేడు కొంత మెరుగుపడినను ఆ ఎడము పూర్తిగా పూడలేదని మా అభిప్రాయము.

ఒక దృష్టాంతము. మూట కట్టు విధమును తెలుపు పత్రము స్పెక్ ఫైలు. అందు హ్యాష్ గుర్తుతో మొదలగు పంక్తి వట్టి వ్యాఖ్యయనియు, కంప్యూటరు దానిని పట్టించుకొనదనియు ఎవరైనను తలంతురు. కాని శాతపు గుర్తుతో మొదలగు ‘మాక్రో’ అను సంక్షిప్త పదము ఆ వ్యాఖ్యలో నున్నను ఆర్‌పీఎం దానిని విప్పును. విప్పగా పది పంక్తులైనచో మొదటి పంక్తికే హ్యాష్ రక్షణ. తక్కిన తొమ్మిదియు ఆజ్ఞలై నడచును! శాతపు గుర్తును రెండుమార్లు వ్రాసిన గండము గడచును. ఇటీవలి కూర్పులు హెచ్చరికయైన చేయును; పూర్వము అదియు లేదు.

ఇట్టి కిటుకులు తెలిసినవారి నోట వినుట పరిపాటి. పండితులు దీనిని గురుముఖతః అనిరి. ఉర్దూలో ‘సీనా బ సీనా’ అందురు. సంగీతమునకు అది శోభ. వైద్యమున మాత్రము మందు రహస్యము హకీముతోడనే గోరీలో చేరుటయు కలదు. పెద్ద కంపెనీలో సీనియరు ప్రక్కన కూర్చున్నవానికి పూటలో తెలియునది జిల్లా కళాశాల విద్యార్థికి నెలలు పట్టుట న్యాయమా?

అదృష్టవశమున ఇచ్చట తలుపునకు తాళము లేదు. మాక్రోలు సాదా పాఠముగానే ఫైళ్లలో నున్నవి. ‘షోఆర్‌సీ’ అను ఆజ్ఞ నిచ్చినచో ఆ కంప్యూటరులో అమలులోనున్న మాక్రోలన్నియు తెరపై నిలుచును. ‘ఇవాల్’ ఆజ్ఞతో ఒక్కొక్కటి ఎట్లు విడివడునో, ఏ మూటయు కట్టకయే పరీక్షింపవచ్చును. ‘క్వెరీట్యాగ్స్’ అన్నచో మూటను ఏయే వివరములు అడుగవచ్చునో తెలియును. మూలపాఠము సైతము అందరికిని లభ్యమే.

అయితే వ్రాతలో లేని సదుపాయము కర్తలు మాట యిచ్చినది కాదు. రేపటి కూర్పులో మారినను వారిని నిలదీయుటకు మనకు హక్కు లేదు. కావున దానిని తెలిసికొనుట వేరు, దానిపై ఇల్లు కట్టుట వేరు.

కనుగొన్న సంగతిని ఆనాడే కూర్పు సంఖ్యతో సహా నాలుగు పంక్తులలో వ్రాసి కర్తలకు పంపవలెనని మా కోరిక. తెలుగులోను ఉర్దూలోను వ్రాసి ప్రయోగశాల గోడకు అంటించినను మేలే. ఆంగ్లము చక్కగా రానివారికి ఇది ఎట్లు సాధ్యమని కొందరందురు. ఇచ్చిన ఆజ్ఞను, వచ్చిన ఫలితమును ఉన్నదున్నట్లు చూపినచో భాష దిద్దువారు దొరకకపోరు.